మొరవ పోయిన ఏడాది

తిరుపతిలో మేము ఉండే వీధిలోకి ఈ మధ్య ఒక ఆటో వస్తోంది. దాని నెత్తిన మైకు. "చెరువు మట్టి, పూలకుండీలకు చెరువు మట్టి" అని ఒకటే అరుపు. మొన్నొక పొద్దున నేనూ ఒక సంచి కొన్నాను. మేడ మీద కుండీల దగ్గర కూర్చుని సంచి మూతి విప్పేసరికి గుప్పున వాసన కొట్టింది. పచ్చి చేప, కుళ్ళిన ఆకు, ఎండిన నాచు, వీటన్నిటి అడుగున ఏదో చల్లదనం. చెయ్యి పెట్టి కెలికితే గోరంత నత్తగుల్ల ఒకటి వేళ్ళకు తగిలింది. మొక్కల సంగతి మరిచిపోయి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. కోడలు పైకి వచ్చి, "ఏమత్తా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగింది. ఏం చెప్పను? పదకొండేళ్ళ వయసులో, నెత్తిన గోనెసంచితో, వానలో, మా ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఉన్నాను నేను.

మా ఊరు వడమాలపేటలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చేది. తూర్పున కొండ. కొండ మీది నుంచి రెండు వంకలు దిగి చెరువులో పడేవి. చెరువు కింద వరి మళ్ళు. మేము వాటిని కయ్యలంటాం. కయ్యల గట్ల మీద కానుగ చెట్లు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లి బయటికి పోవడానికి కట్టకు ఒక చివర పెద్ద పెద్ద రాళ్ళు పరిచి కట్టి ఉండేది. దాన్ని మొరవ అంటారు. మొరవ పోయిందంటే చెరువు నిండిందని. మా చిన్నతనంలో అంతకు మించిన మంచి కబురు లేదు. పెళ్ళికో చావుకో వచ్చిన చుట్టాలు కాళ్ళు కడుక్కుంటూనే అడిగేవాళ్ళు: "ఏమప్పా, మీ మొరవ పోయిందా?"

ఆ చెరువును చూసుకునే మనిషిని నీరుగంటి అంటారు. తూము తీసేది, మూసేది, ఎవరి కయ్యకు ఎంతసేపు నీళ్ళో చెప్పేది, కట్టను కాపాడేది అన్నీ ఆయనే. తాత ముత్తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్ళదే ఆ పని. కోతల కాలంలో ప్రతి ఇంటివాళ్ళూ కళ్ళంలో ఆయన వంతు వడ్లు కొలిచి పోసేవాళ్ళు. ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో ఉండేవాడు. పెద్దవాళ్ళు నీరుగంటీ అని పిలిచేవాళ్ళు, పిల్లలం తాతా అనేవాళ్ళం. పిల్లలను చూసి మా నాయన కూడా తాతా అనడం మొదలుపెట్టాడు.

బక్కపలచటి మనిషి. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, చేతిలో తనకంటే పొడుగైన వెదురుకర్ర. కట్ట మీదికి చెప్పులతో ఎక్కగా నేను చూడలేదు. ముళ్ళు గుచ్చుకోవా తాతా అని ఒకసారి అడిగాను.

"సెప్పులేసుకుంటే కట్ట యాడ తడిసిందో కాలికెట్లా తెలస్తాది మే?" అన్నాడు.

కట్ట మీద మేక కనిపిస్తే దాని సొంతదారును వెతుక్కుంటూ ఇంటిదాకా వచ్చేవాడు. మా నాయన ఊళ్ళో నలుగురూ మాట వినే రైతు. అయినా మా దున్నపోతు కట్ట రాళ్ళు తొక్కి దొర్లించిందని ఒకసారి తాత మా వాకిట్లో నిలబడి అరిచాడు. వాకిట్లోనే. లోపలికి రాడు, రానివ్వరు. మా అవ్వ చెంబు ఎత్తి మజ్జిగ పోస్తే దోసిలి పట్టి తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, ఆపిన చోటి నుంచి మళ్ళీ అరిచాడు. చెంబు ఎత్తి పోయడం అప్పట్లో నాకు వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తుంది.

నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి రెండేళ్ళుగా మొరవ పోలేదు. రెండేళ్ళుగా ఇంట్లో రాగి సంగటి, ఉలవచారు, కొర్రన్నం. బియ్యం పండగలకీ, జ్వరాలకీ మాత్రమే. జ్వరమొస్తే బియ్యపు గంజి పోస్తారని ఒకరోజు నేను చంకలో ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, పెట్టుకుని దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. ఒళ్ళు వేడెక్కుతుందని బళ్ళో ఎవరో చెప్పారు. అవ్వ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి, ముక్కు ఎగబీల్చి, "ఈ జరమేందే ఎర్రగడ్డ వాసన కొడతా ఉండాది!" అని వీపు మీద ఒకటి వేసింది. అయినా ఆ మధ్యాహ్నం గంజి పోసింది. ముసలిదానికీ బియ్యం వాసన మీద మనసు పోయినట్టుంది, నాతో పాటు తనూ ఒక ముంత తాగింది.

ఆ ఎండాకాలం చెరువు అడుగంతా నెర్రెలు విచ్చింది. తాత ఊరంతా తిరిగి పలక కొట్టాడు. మా వైపు డప్పును పలక అంటారు.

"ఇంటికొక మనిసి! బండుంటే బండి! రేపు పొద్దన్నుంచి సెరువు మన్ను తోలాల!"

ఏటా ఉండే పనే అది. అడుగున చేరిన నల్లమన్ను తవ్వి కయ్యలకు తోలుకుంటే కయ్యకు ఎరువు, చెరువుకు లోతు. అలాగే కొండ వంకల్లో రాళ్ళూ ముళ్ళూ తీసి దారి చేయాలి, కట్ట మీద మొలిచిన మొక్కలు వేళ్ళతో సహా పెరకాలి. మనిషి రాని ఇంటికి నీళ్ళ వంతు చివర్లో వస్తుంది. దీనికి కాగితమూ సంతకమూ లేవు. అవ్వ అనేది: "సెరువు కడుపు కడిగితేనే మన కడుపు నిండేది."

పిల్లలకు అది తిరణాల. బండ్ల వెనక పరిగెత్తడం, మన్ను పోసి తిరిగి వచ్చే ఖాళీ బండ్లు ఎక్కడం. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆడవాళ్ళు అంబలి కుండలు దింపేవాళ్ళు. పుల్లటి అంబలి, నంజుకోవడానికి ఎర్రగడ్డ, ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు, ఊరిబిండి అని మేమనే చెనిక్కాయల పచ్చడి. మన్ను వాసన, ఎద్దుల చెమట వాసన, అంబలి పులుపు అన్నీ కలిసి ముక్కుకు ఒకటిగా తగిలేవి.

ఆ ఏడు మా మేనత్త కూతురు సెలవులకు చిత్తూరు నుంచి వచ్చింది. నాకంటే ఏడాది పెద్దది, పట్నం పిల్ల, దేనికీ జంకదు. అందరూ అంబలి దగ్గర ఉండగా నా చెయ్యి పట్టి లాగింది.

"కట్ట లోపలి పక్క రాళ్ళ సందుల్లో ఎండ్రకాయలు ఉంటాయంట మే. కాల్చుకుని తిందాం రా."

"ఆ రాళ్ళు ముట్టుకుంటే తాత చంపేస్తాడు."

"తాత అంబలి తాగతా ఉండాడు గదా!"

నీళ్ళ తాకిడికి కట్ట మన్ను కరిగిపోకుండా లోపలి వైపు రాళ్ళు పేర్చి ఉంటారు. వాటిలో రెండు రాళ్ళు మేము పెకలించాం. వెనక బొరియ కనిపించింది. పుల్లలతో, చేతులతో, మోచెయ్యి లోపలికి పోయేంత తవ్వాం. మూడు ఎండ్రకాయలు దొరికాయి. తీరా రాళ్ళు మళ్ళీ పెట్టబోతే ఒకటి చేయి జారి కింద దాకా దొర్లిపోయింది. ఇద్దరం పట్టినా కదల్లేదు. దాని జాగాలో పిడికెడు మన్ను మెత్తి, "ఎవరికీ చెప్పనని అమ్మతోడు వెయ్యి" అంది. వేశాను. తుమ్మ పుల్లల మంట మీద కాల్చుకుని ఉప్పద్దుకుని తిన్నాం. అంత రుచిగా ఉంటాయని నేననుకోలేదు. జూన్‌లో అది చిత్తూరు వెళ్ళిపోయింది. బొరియ నాకు మిగిలింది.

కార్తీకంలో ముసురు పట్టింది. కొండ కనిపించకుండా పోయింది. మూడో రోజుకు వంకలు రెండూ ఎర్రగా పారాయి. నాలుగో రోజుకు చెరువు సగం దాటింది. ఊరంతా కట్ట మీదే. ముసలివాళ్ళు కూడా గొడుగులు పట్టుకుని వచ్చి నీళ్ళను చూస్తూ నిలబడ్డారు. మా అమ్మ పసుపూ కుంకుమా తెచ్చి నీళ్ళలో వేసి, ఆ తడి చేతితోనే నా చెంపలు నిమిరింది. ఆ రెండేళ్ళలో అమ్మ అట్లా నవ్వడం అదే మొదలు.

ఐదో రోజుకు వాన కొంచెం తెరిపి ఇచ్చింది. నీళ్ళు మొరవ రాళ్ళకు జానెడు కింద ఉన్నాయి. నాయన, ఇంకో నలుగురు రైతులు మొరవ దగ్గర చేరారు. నేను నాయన గొడుగు కింద ఉన్నాను.

"తాతా, ఈ రాళ్ళ మీద మూరెడు ఎత్తు మన్నూ తాటిమట్టలూ వేసి కడతాం. ఇంకో పది దినాల నీళ్ళు నిలుస్తాయి. రెండేండ్లుగా బిడ్డలు అన్నం ముఖం చూసినారా?" అన్నాడు నాయన.

"వొద్దు నాయనా," అన్నాడు తాత. "ఆ రాయి పెట్టినోళ్ళు ఊరికే పెట్లేదు. దానికి మించి నిలిపితే కట్ట మొయ్యలేదు."

"కట్టకేమి తాతా, ఏనుగు మాదిరి ఉండాది," అన్నాడు ఇంకో రైతు.

"ఏనుగైనా ఒక కాలు నొప్పుంటే కూలబడతాది సామీ. ఏ కాలు నొప్పో మనకు తెలీదు గదా."

నవ్వి, కట్టేశారు. ఆయన ఎదురు చెప్పగలిగింది అంతవరకే. వాళ్ళు వెళ్ళిపోయాక కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు ఒంటరిగా నడుస్తూ ఉండగా చూశాను. నడుస్తూ ఒక్కోచోట ఆగి, పాదంతో ఒత్తి చూసి, మళ్ళీ కదిలేవాడు. ఏ కాలు నొప్పో నాకు తెలుసనుకున్నాను.

మరుసటి రోజు మళ్ళీ పట్టింది వాన. వాయుగుండమని పంచాయతీ రేడియోలో చెప్పారట. నీళ్ళు మొరవ రాళ్ళు దాటి, పైన కట్టిన మన్నును తాకాయి. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేను సంగటి ముద్ద ముట్టకుండా లేచాను. అవ్వ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అవి పటపటా పేలి, ఘాటుకు ఇల్లంతా దగ్గింది. "చూసినావా, ఎంత దిష్టో!" అంది అవ్వ. నాకు ఏడుపొచ్చింది. కట్ట తెగితే మొదట మునిగేది కయ్యలు, తర్వాత పల్లె, తర్వాత మా వీధి. అమ్మతోడు వేసిన మాట తప్పితే అమ్మకేమవుతుందో. తప్పకపోతే అందరికీ ఏమవుతుందో.

మర్నాడు పొద్దున్నే, పాలు పితికే హడావుడిలో ఎవరూ చూడకుండా పల్లెకు పరిగెత్తాను.

అంతవరకు నేను ఆ పల్లెలో అడుగు పెట్టలేదు. తాత ఇల్లు ఏదో అడిగి తెలుసుకున్నాను. రెల్లుగడ్డి కప్పు, ఒక మూల కారుతూ ఉంది, కింద సట్టి పెట్టి ఉంది. ఆయన భార్య నన్ను చూసి నిలువునా బిగుసుకుపోయింది.

"అయ్యో, నువ్వేంది పాపా ఈడికి వొచ్చినావు? మీ ఇంట్లో తెలిస్తే!"

"అవ్వా, తాత ఉండాడా?" అన్నాను. ఆమెను ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. ఆమె ఇంకేమీ అడగలేదు. చెయ్యి పట్టి లోపలికి లాగి, తన కొంగుతో నా తల తుడిచింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, నిప్పుల్లో నుంచి కాల్చిన చెనిక్కాయలు తీసి ఒళ్ళో పోసింది. ఒలుచుకుని తింటూ, ఏడుస్తూ, తాతకు అంతా చెప్పాను. బొరియ, ఎండ్రకాయలు, దొర్లిపోయిన రాయి.

తిడతాడనుకున్నాను. ఆయన ఒక్క మాటే అడిగాడు.

"యాడ?"

"తూముకు ఈ పక్క. పెద్ద తెల్లరాయి కింద."

లేచాడు. ఒక గోనెసంచిని మూల మడిచి తన తలకు తగిలించుకున్నాడు, ఇంకొకటి నాకు తగిలించాడు. అది కాళ్ళ దాకా వచ్చింది. ఇద్దరం కట్టకు పోయాం.

చెరువు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. గాలికి అలలు లేచి కట్ట రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. తాత పంచె బిగించి, కర్ర ఊతంగా పెట్టుకుంటూ తెల్లరాయి దగ్గర నీళ్ళలోకి దిగాడు. నడుం దాకా, రొమ్ము దాకా. కాలితో వెతికాడు. ఆగాడు. కాలు లోపలికి పెట్టాడు.

"ఇదా మే మీ బొక్క?"

"ఊ."

"మూరెడు గూడా లేదు. మన్ను గెట్టిగా ఉండాది. ఎండ్రకాయ ఒకటి మళ్ళీ కాపరం పెట్టినట్టుండాది, కాలు కొరికింది."

పైకి వచ్చి కట్ట అవతలి వైపుకు దిగాడు. సరిగ్గా ఆ బొరియ ఎదురుగా ఉన్న చోట వాలంతా పాదంతో తడిమాడు. వాన తడి తప్ప ఊట లేదు.

"ఈ పక్కకు రాలేదు. మీ బొక్కతో భయం లేదు. ఏడవబాక."

నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఎండాకాలం నుంచీ గుండె మీద ఉన్న బండ దిగిపోతే ఏడుపు తప్ప ఇంకేం వస్తుంది? కట్ట పాదం వెంబడే ఊరివైపు తిరిగి బయలుదేరాం. వచ్చిన దారినే కట్ట మీదుగా పోయి ఉంటే ఏమయ్యేదో. యాభై అడుగులు నడిచామో లేదో, తాత ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

అక్కడొక పాత తుమ్మ మొద్దు. బండి ఇరుసు కోసమని ఎవరో కొన్నేళ్ళ కింద కొట్టి తీసుకుపోయిన మానుది. దాని మొదట్లో, చెయ్యి పట్టేంత మేర, నీళ్ళు బుడబుడమని పైకి ఉబుకుతున్నాయి. తాత వంగి దోసిట పట్టాడు. నీళ్ళు రాగిజావ రంగులో ఉన్నాయి.

"తేటగా వొస్తే ఊట. ఇట్లా మన్ను కలిసి వొస్తే, లోపల కట్టను తింటా ఉండాదని," అన్నాడు. తర్వాత నా భుజాలు పట్టుకున్నాడు. "మే, బిన్నా పో. మా ఇంటామెకు పలక కొట్టమని సెప్పు. మీ నాయనకు మొరవ ఇప్పమని సెప్పు. తాత సెప్పినాడని సెప్పు."

ఆయన తల మీది గోనె తీసి మట్టి నింపడం మొదలుపెట్టాడు. నేను పరిగెత్తాను.

వానకు పలక తోలు చల్లబడి మెత్తగా అయిపోయి ఉంది, కొడితే పలకదు. తాత భార్య దాన్ని పొయ్యి మంట మీద ముందుకూ వెనక్కూ తిప్పుతూ కాచింది. ఆ రెండు నిమిషాలు రెండు గంటలయ్యాయి నాకు. వేడెక్కగానే గోనె కింద పెట్టుకుని వీధిలోకి పోయి కొట్టింది. ఆడమనిషి పలక కొట్టగా మా ఊళ్ళో ఎవరూ వినలేదు. పల్లె వాళ్ళు మొదట బయటికి వచ్చారు, వెనకే ఊరివాళ్ళు వచ్చారు.

మా ఇంటి తిన్నె మీద మొరవ కట్టిన రైతులే కూర్చుని ఉన్నారు. రొప్పుతూ చెప్పాను.

"మొరవ ఇప్పడమా? రెండేండ్లకు వచ్చిన నీళ్ళప్పా! ముసలోడికి చాదస్తం," అన్నాడు ఒకాయన.

"మన్ను కలిసి వస్తా ఉండాది నాయనా. నేను చూసినా," అన్నాను.

నాయన నా ముఖంలోకి చూశాడు. తిన్నె దిగి, మూలనున్న గడ్డపార తీసుకున్నాడు.

"కట్టినోణ్ణి నేను, ఇప్పేదీ నేనే. మిగతావాళ్ళు గంపలు తీసుకుని కట్టకు నడవండి," అన్నాడు.

అవ్వ వాకిట్లో నిలబడి అంతా వింది. రెండేళ్ళ కరువులో గడ్డి బంగారంతో సమానం. మా వామి అప్పటికే సగం తరిగిపోయి ఉంది. "కట్ట పూడ్సేదానికి ఆ గడ్డి ఎత్తుకపోండి. ఎద్దులకు ఏదో ఒకటి పెట్టుకుంటాం," అంది. ఆ మాటను మా జీతగాడు కూడా ఒక క్షణం నమ్మలేదు.

ఆ పగలంతా వానలోనే. నాయన మొరవ మీది మన్ను పెళ్ళగిస్తే నీళ్ళు ఒక్కసారిగా హోరుమని దూకాయి. ఆ శబ్దం విని కట్ట దగ్గరున్న వాళ్ళు కొందరు తల వంచుకున్నారు, కూడు జారిపోతున్నట్టు. తాత అది పట్టించుకోలేదు. ఊట చుట్టూ రాళ్ళూ ఇసుకా గోనెలతో బావి ఒర మాదిరి కట్టించాడు. లోపలి వైపు నీళ్ళలోకి తనే దిగి, సుడి తిరుగుతున్న చోటు కనిపెట్టి, గడ్డి మోపులూ కానుగ కొమ్మలూ తొక్కించి, పైన బంకమన్ను వేయించాడు. గంపలు చేతులు మారుతూ వచ్చాయి. పల్లెవాళ్ళూ ఊరివాళ్ళూ ఒకే వరసలో నిలబడ్డారు. ఎవరి చెయ్యి ఎవరికి తగిలిందో చూసుకునే తీరిక లేదు. నా పక్కన తాత భార్య, ఆమె పక్కన మా అమ్మ.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ముందు తాత ఊట దగ్గర వంగి దోసిట నీళ్ళు పట్టాడు. ఒక పెద్దమనిషి గొడుగు పక్కకు తీసి వెలుతురు పడనిచ్చాడు. అందరం మెడలు చాచాం. నీళ్ళలో నుంచి ఆయన అరచేతి గీతలు కనిపిస్తున్నాయి.

"తేట," అన్నాడు తాత.

అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. మా నాయన బురదలోనే చతికిలబడ్డాడు.

"మొద్దు కింద తింటా ఉండాదని ఎట్లా కనిపెట్టినావు తాతా?" అని ఎవరో అడిగారు.

"ఈ పాప పిలిస్తే వొస్తిని."

"పాపకేం పని ఈడ?"

తాత నా వైపు చూశాడు. నా ప్రాణాలు పైకే పోయాయి.

"ఎండ్రకాయల కోసరం," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాయన కూడా. ఆయన చెప్పింది నిజమే, ఎంత నిజమో మా ఇద్దరికే తెలుసు.

ఆ ఏడు ఒక పంటకు సరిపడా నీళ్ళు మిగిలాయి. తర్వాతి ఎండాకాలం కట్ట మీది మొద్దులన్నీ వేళ్ళ దాకా తవ్వించారు. తెల్లరాయి కింద రాయిని తాతే ఎప్పుడో సర్దేశాడు. వెళ్ళి చూస్తే అతుకు కూడా తెలియలేదు. మొరవ రాయి మీద మన్ను వేద్దామన్న మాట నాయన ఉన్నంతకాలం మా ఊళ్ళో మళ్ళీ ఎత్తినవాళ్ళు లేరు.

తర్వాతి కాలంలో బోర్లు వచ్చాయి. ఎవరి కయ్యలో వాళ్ళకు నీళ్ళు దొరికాక చెరువుతో పని తగ్గింది. మన్ను తోలే రోజులు పోయాయి. కయ్యల్లో తొక్కే కానుగాకు పోయి ఎరువు బస్తాలు వచ్చాయి. తాత కొడుకు తిరుపతి చేరి ఒక హోటల్లో కుదురుకున్నాడు; ఆ ఇంటి నుంచి నీరుగంటి మళ్ళీ రాలేదు. దానికి ఆ కొడుకును నేను తప్పుపట్టను. దోసిలి పట్టి మజ్జిగ తాగే బతుకు తన పిల్లలకు వద్దనుకున్నాడు. పోయినవాటిలో పోవలసినవీ ఉన్నాయి, పోకూడనివీ ఉన్నాయి. ఏది ఏదో విడదీసి ఉంచుకునే ఓపిక మనకు లేకపోయింది. కట్ట మాత్రం ఇప్పటికీ ఉంది. ముళ్ళ కంప పెరిగింది కానీ తెగలేదు.

వాయుగుండం దాటిపోయిన మూడో రోజు పొద్దున మాత్రం నాకు బాగా గుర్తు. ఎండ కాసింది. అన్నాళ్ళ తడి బట్టలన్నీ ఊరి ఆడవాళ్ళు కట్ట రాళ్ళ మీద ఆరేశారు. చీరలు, పంచెలు, దుప్పట్లు, పిల్లల గౌన్లు, కట్ట పొడుగునా రంగులే. వాటి మధ్యన ఎండలో వెల్లకిలా పడుకుని తాత నిద్రపోతున్నాడు. మూడు రాత్రులు కట్ట వదలని మనిషి. తూము తీయించుకోవడానికి వచ్చిన రైతులు ఆయన్ను చూసి గొంతు తగ్గించారు. పిల్లలను ఉష్ అని తోలేశారు. ముఖాన ఎండ పడుతోందని మా నాయన పక్కన కూర్చుని గొడుగు అడ్డం పట్టాడు. అట్లా ఎంతసేపు పట్టాడో.

తాత కళ్ళు తెరిచి, గొడుగును, నాయనను చూసి ఉలిక్కిపడి లేవబోయాడు.

"ఏంది నాయనా ఇది! లేపగూడదా?"

"నిద్రపోతా ఉండావని..."

"మొరవ పోతా ఉండాదా?"

"పోతా ఉండాది తాతా."

"ఎంత మందాన?"

"జానెడు."

"నీళ్ళు?"

"తేట."

తాత తల తిప్పి మొరవ వైపు చూశాడు.

"అయితే ఇంగ కొంచెం సేపు పడుకుంటా," అని మళ్ళీ వెల్లకిలా వాలి కళ్ళు మూసుకున్నాడు.